లైనక్స్‌కి నోటీసు ఎవరి పేరున పంపాలి?

మా ఆఫీసులో ఐదు కంప్యూటర్లున్నాయి. నాలుగింట్లో డెబియన్ (విండోస్‌కి బదులు వాడుకునే, ఊరికే దొరికే లైనక్స్‌లో ఒక రకం), ఒకదాంట్లో విండోస్. ఆ ఒక్కటీ ఎందుకుందో కింద ఎక్కడో చెప్తాను. భీమవరంలో ట్యాక్స్ ప్రాక్టీసు చేసేవాళ్లలో ఇలాంటి ఏర్పాటు అరుదు కాబట్టి, పనిమీద వచ్చినవాళ్లు స్క్రీన్ వంక కాస్త అనుమానంగానే చూస్తుంటారు. రొయ్యల మేత డీలర్లు, ఐసు ఫ్యాక్టరీలు, రైసు మిల్లులు, ఒకటీ అరా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు, నా క్లయింట్లంతా వీళ్లే. మొన్న మేత డీలర్ ఒకాయన జీఎస్‌టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను కోసం బిల్లుల కట్ట తెచ్చి కూర్చుని, "దీనికి లైసెన్సు డబ్బులు కట్టక్కర్లేదంటున్నారు కదమ్మా, మరి గవర్నమెంటు చూస్తూ ఊరుకుంటుందా? రేపు దీనిమీద కూడా పన్నేస్తే? అసలు బ్యాన్ చేసేస్తే?" అని అడిగారు.

నేనేదో దొంగ సరుకు వాడుతున్నానని ఆయన బెంగ. అది తీర్చి పంపించాను గానీ, పన్నుల మీద బతికే మనిషిని కదా, ప్రశ్న మాత్రం వదల్లేదు. ఇలా సోర్సు కోడుతో (ప్రోగ్రామర్ రాసిన మూల పాఠంతో) సహా ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగలిగేదాన్ని ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటారు. దాని గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది ప్రోగ్రామర్లు. వాళ్లకి చట్టమంటే కోర్టు, పోలీసు. పన్ను గుమాస్తాలెవరూ దీని గురించి రాసినట్టు నేను చూడలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

ముందు పన్ను సంగతి. సాఫ్ట్‌వేర్ మీద పన్ను వెయ్యొచ్చా అన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది మన రాష్ట్రం నుంచే. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ ఒక పక్క, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంకో పక్క. ఒరాకిల్, లోటస్ లాంటి రెడీమేడ్ ప్యాకేజీలు 1957 నాటి ఏపీ జనరల్ సేల్స్ ట్యాక్స్ చట్టం ప్రకారం సరుకా, కాదా? మేం అమ్మేది మేధస్సు, చేతికి తగిలేది కాదు అని కంపెనీ వాదన. డబ్బాలో పెట్టి, రేటు కట్టి అమ్ముతున్నారు కదా, ఇంకేం కావాలి అని డిపార్ట్‌మెంటు వాదన. 2004 నవంబర్ 5న ఐదుగురు జడ్జీల ధర్మాసనం డిపార్ట్‌మెంటు పక్షానే తీర్పిచ్చింది. కొనడానికి, అమ్మడానికి, దాచుకోవడానికి, ఒకరి నుంచి ఒకరికి అందించడానికి వీలుంటే అది సరుకే, కంటికి కనపడాల్సిన పని లేదు అన్నారు. నేనప్పుడు మా సీనియర్ గారి దగ్గర నెలసరి రిటర్నులు నింపుతుండేదాన్ని. తీర్పు కాపీ చదివి ఆయన, "ఇంక గాలికి కూడా బిల్లు వేస్తారు" అన్నారు.

ఆ లెక్కన డెబియన్ కూడా సరుకే. అందులో సందేహం లేదు. కానీ సేల్స్ ట్యాక్స్ పడేది సరుకు ఉన్నందుకు కాదు, అది అమ్ముడైనందుకు. అమ్మకం అనాలంటే మధ్యలో ధర ఉండాలి. ఆ రోజుల్లో పీసీ క్వెస్ట్ పత్రికతో పాటు లైనక్స్ సీడీలు వచ్చేవి. సీడీలో ఎంత సరుకున్నా బిల్లు పడేది పత్రిక ధర మీదే.

జీఎస్టీ వచ్చాక భాష మారింది, మూలం మారలేదు. 2017 కేంద్ర జీఎస్టీ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం, వ్యాపారంలో భాగంగా ప్రతిఫలం తీసుకుని ఇచ్చినదే సప్లయి. ప్రతిఫలం లేకపోయినా పన్ను పడే సందర్భాలు కొన్ని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సొంత బ్రాంచీకి పంపిన సరుకు, సంబంధం ఉన్న కంపెనీల మధ్య ఇచ్చిపుచ్చుకునేవి, ఆ బాపతు. డెబియన్ ప్రాజెక్టుకీ నాకూ అలాంటి బాంధవ్యమేమీ లేదు. సాఫ్ట్‌వేర్ మీద రేటు 18 శాతం. సున్నా మీద 18 శాతం ఎంతో మా ఆఫీసు కుర్రాడు కూడా చెప్తాడు.

పార్లమెంటు తల్చుకుంటే ఆ షెడ్యూలులో ఇంకో లైను చేర్చలేదా? నిక్షేపంగా చేర్చగలదు. ఊరికే ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ని కూడా సప్లయిగానే భావించాలి అని ఒక్క వాక్యం చాలు. అప్పుడు విలువ ఎలా కడతారు? వాల్యుయేషన్ రూల్స్‌లో, ధర తెలియనప్పుడు అదే రకం, అదే నాణ్యత ఉన్నదాని ధర చూడమని ఉంది. అతి తెలివి ఆఫీసరెవరో విండోస్ ధర తీసుకుని డెబియన్‌కి డిమాండ్ నోటీసు తయారుచేశారే అనుకుందాం. రకం దగ్గర సరే, నాణ్యత దగ్గర నేను అప్పీలుకి వెళ్తాను.

సరే, విలువ కూడా కట్టారు. కట్టాల్సింది ఎవరు? ఇక్కడే అసలు చిక్కు. పన్ను వెయ్యడానికి సరుకూ విలువా ఉంటే సరిపోదు, అసెస్సీ కావాలి. పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న మనిషి. డెబియన్ కంపెనీ కాదు. ప్రపంచమంతా చెల్లాచెదురుగా ఉన్న వలంటీర్ల గుంపు. వాళ్ల విరాళాలు చూసుకోవడానికి అమెరికాలో ఒక లాభాపేక్ష లేని సంస్థ ఉంది, అంతే. నోటీసు ఎవరి పేరున పంపాలి?

ఇలాంటి ఇరకాటంలో మా చట్టానికి ఒక పాత ఉపాయం ఉంది. రివర్స్ ఛార్జ్. మేత డీలర్ గారికి ఇది బాగా తెలుసు. సరుకు తెచ్చే లారీ ట్రాన్స్‌పోర్టు వాడు పన్ను కట్టకపోతే, కిరాయి ఇచ్చిన డీలరే కట్టాలి. ఇచ్చేవాడు దొరకనప్పుడు పుచ్చుకున్నవాడిని పట్టుకో, అదీ సూత్రం. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్లీ పని పడుతుంది.

పన్ను కోణం ఇంతటితో వదిలేస్తాను, ఎందుకంటే ప్రభుత్వానికి ఇందులో నిజంగా నష్టమేమీ లేదు. లైనక్స్ ఊరికే వచ్చినా దాన్ని నడిపించే పనికి డబ్బు తీసుకునేవాళ్లలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లందరూ 18 శాతం కడుతూనే ఉన్నారు, రెడ్ హ్యాట్ అనే లైనక్స్ కంపెనీ చందా దగ్గర్నుంచి సర్వర్ బాగుచేసే కుర్రాడి దాకా. పైగా ప్రభుత్వమే పెద్ద వాడకందారు. ప్రభుత్వ పనుల్లో ఓపెన్ సోర్స్‌కే (ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి ఇంకో పేరు) ముందు చోటివ్వాలని 2015లో కేంద్రం విధానమే ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్లది బాస్ లైనక్స్. 2023లో రక్షణ శాఖ మాయా అని, ఉబుంటు అనే లైనక్స్ మీద కట్టిన సిస్టమ్‌కి మారుతున్నట్టు వార్తలొచ్చాయి. తన సర్వర్ల మీద తానే పన్నేసుకునే ప్రభుత్వం ఉండదు.

ఇప్పుడు నిషేధం. ఇది జరగని ముచ్చటేమీ కాదు, గట్టి ప్రయత్నాలే జరిగాయి. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అనే అమెరికన్ పీజీపీ అని, ఉత్తరాలు తాళం వేసి పంపుకునే ప్రోగ్రాం రాసి, సోర్సు కోడుతో సహా ఊరికే పంచిపెట్టాడు. అది ఇంటర్నెట్ మీద దేశం దాటింది. గట్టి ఎన్‌క్రిప్షన్ అప్పట్లో అమెరికా చట్టం దృష్టిలో యుద్ధ సామగ్రి. తుపాకులూ క్షిపణులూ ఉన్న జాబితాలోనే ఇదీ ఉండేది. లైసెన్సు లేకుండా ఆయుధాలు ఎగుమతి చేశాడన్న అనుమానంతో 1993 నుంచి ఆయన మీద క్రిమినల్ విచారణ నడిచింది. 1996 జనవరిలో ఛార్జిషీటు కూడా వెయ్యకుండా వదిలేశారు.

ఆ మధ్యకాలంలో జరిగిన తమాషా నాకు భలే ఇష్టం. చట్టం ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న కోడుని ఆపింది గానీ అచ్చు పుస్తకాన్ని ఆపలేదు. 1995లో ఎం.ఐ.టి. ప్రెస్ ఆ కోడంతా పుస్తకంగా వేసింది. పుస్తకం ఎగుమతి చెయ్యడం నేరం కాదు కదా. 1997లో తర్వాతి వెర్షను కోడు 6,000కు పైగా పేజీలు అచ్చేసి యూరప్ పంపితే, అక్కడి వలంటీర్లు పేజీ పేజీ స్కాన్ చేసి, తప్పులు దిద్ది, మళ్లీ ప్రోగ్రాంగా మార్చారు. చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించారన్న మాట. మా వృత్తిలో దీన్ని ట్యాక్స్ ప్లానింగ్ అంటారు. 1999లో, తన ఎన్‌క్రిప్షన్ కోడు ప్రచురించుకోనివ్వమని బెర్న్‌స్టైన్ అనే ఆయన వేసిన కేసులో అమెరికా అప్పీలు కోర్టు ఒకటి సోర్సు కోడు రాయడం కూడా భావప్రకటనే అంది. మరుసటి ఏడాది ఎగుమతి నిబంధనలు సడలించారు.

మన దగ్గర జరిగింది వీఎల్‌సీ. ప్యారిస్ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు 1996లో మొదలుపెట్టిన ప్రాజెక్టు. ఇంటింటా సినిమాలు ఆడించే ఆ నారింజ రంగు కోన్ ఎవరికి తెలియదు! 2022 ఫిబ్రవరి నుంచి దాని వెబ్‌సైటు మన దేశంలో తెరుచుకోవడం మానేసింది. ఎందుకు మూశారో బయటికి చెప్పలేదు. సైటు నడిపే వీడియోలాన్ సంస్థకే ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. ఇంటర్నెట్ ఫ్రీడం ఫౌండేషన్ సాయంతో వాళ్లు లీగల్ నోటీసిచ్చాక, నవంబరులో తెరిచారు. మధ్యలో అన్ని నెలలూ వీఎల్‌సీ వాడనివాళ్లెవరైనా ఉన్నారా? ప్లే స్టోరులో ఉంది, ప్రతి పెన్‌డ్రైవులో ఉంది. మా డెబియన్ మెషిన్లకి మామూలుగానే అప్‌డేట్లు వచ్చాయి. పేపర్లో వార్త చూసేదాకా మాకెవరికీ తెలియదు. ప్రభుత్వం మూసింది ఒక చిరునామాని. సాఫ్ట్‌వేర్ ఆ చిరునామాలో కాపురం ఉండటం లేదు.

2023 మే నెలలో 14 మెసేజింగ్ యాప్‌లని ఆపేశారు. వాటిలో ఎలిమెంట్, బ్రయర్ ఫ్రీ సాఫ్ట్‌వేరే. ఉగ్రవాదులు వాడుతున్నారన్నది కారణం. వార్తల్లో వచ్చిన ఇంకో కారణం దగ్గర నా కళ్లు ఆగాయి. వీటికి మన దేశంలో ప్రతినిధులు లేరట, సమాచారం అడగడానికి ఎవరూ దొరకరట. చూశారా, మళ్లీ అదే. అసెస్సీ లేడు.

ఇంతవరకూ చదివి, ఓహో అయితే ఏ చట్టమూ ఏమీ చెయ్యలేదన్న మాట అని ధీమాగా కూర్చునేవాళ్లతో నాకు పేచీ ఉంది. ప్రోగ్రామర్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. చట్టానికి కోపం వస్తే ఊరికే పోదు. చిరునామా లేని దాన్ని వదిలేసి, దగ్గర్లో చిరునామా ఉన్నవాణ్ణి పట్టుకుంటుంది.

ఒక్కోసారి దొరికేది రాసినవాడే. టోర్నడో క్యాష్ అని క్రిప్టో డబ్బు ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో తెలియకుండా కలగలిపే ప్రోగ్రాం ఉంది. ఉత్తర కొరియా హ్యాకర్లు దాన్ని బాగా వాడుకున్నారన్న ఆరోపణతో 2022 ఆగస్టులో అమెరికా ఖజానా శాఖ దాన్ని ఆంక్షల జాబితాలో పెట్టింది. ఇదివరకు ఆ జాబితాలో ఎక్కువగా మనుషులో కంపెనీలో ఉండేవి. ప్రోగ్రామర్లు కోడు పెట్టుకునే గిట్‌హబ్ వెబ్‌సైటు వెంటనే ఆ కోడు తీసేసింది. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మాథ్యూ గ్రీన్ పాఠాలకి కావాలంటూ మళ్లీ పెట్టేశాడు, ఎవరూ ఏమీ అనలేదు. 2024 నవంబరులో అప్పీలు కోర్టు, ఎవరూ మార్చలేని ఆ ప్రోగ్రాం ఎవరి ఆస్తీ కాదు కాబట్టి దాని మీద ఆంక్షలు చెల్లవంది. 2025 మార్చిలో జాబితా నుంచి తీసేశారు. అంటే కోడు గెలిచింది. కానీ రాసినవాళ్లలో ఒకడైన అలెక్సీ పెర్ట్‌సెవ్‌కి 2024 మేలో నెదర్లాండ్స్ కోర్టు మనీ లాండరింగ్ కింద 64 నెలల జైలు వేసింది. ఇంకొకడు రోమన్ స్టార్మ్, 2025 ఆగస్టులో న్యూయార్క్ జ్యూరీ ఒక అభియోగం మీద దోషి అంది. వాళ్లు అమాయకులని నేననను, ఆ డబ్బు ఎవరిదో వాళ్లకి తెలుసన్న వాదనలో బలం ఉంది. నా మాటల్లా, ప్రోగ్రాంకి శిక్ష వెయ్యలేకపోయిన చట్టం మనిషికి వెయ్యగలిగిందనే.

ఇంకోసారి దొరికేది పంచిపెట్టేవాడు. ఇదైతే నా అనుభవమే. 2002లో రెడ్ హ్యాట్ లైనక్స్ 8.0 వేసుకుంటే, ఘంటసాల పాటల ఎంపీత్రీ సీడీ పాడలేదు. సౌండు కార్డు పోయిందనుకుని చాలాసేపు కుస్తీ పట్టాం. తీరా చూస్తే ఎంపీత్రీ పేటెంట్ల భయంతో రెడ్ హ్యాటే ఆ భాగం తీసేసింది. అమెరికా కంపెనీ, ఆస్తులున్నాయి, చిరునామా ఉంది. దావా వేస్తే దొరుకుతుంది. ఎవరూ ఏదీ నిషేధించలేదు. పాటలు వినాలంటే ఇంకెక్కణ్ణుంచో ఒక ముక్క తెచ్చి అతికించుకోవాలి, అంతే. అది తెలిసినవాళ్లు అతికించుకున్నారు. తెలియనివాళ్లు "లైనక్స్‌లో పాటలు కూడా రావు" అని తీసేశారు. ఆ పేటెంట్లు కాలం తీరుతూ వచ్చి, రెడ్ హ్యాట్ వాళ్ల అండతో నడిచే ఫెడోరా లైనక్స్‌లో ఎంపీత్రీ మామూలుగా పాడటానికి 2016 చివరి దాకా పట్టింది. పద్నాలుగేళ్లు! గొంతు నొక్కడమంటే ఇలా ఉంటుంది. లాఠీలుండవు, పాట రాదు.

ఇదే మన దేశానికీ అంటుకునేది. 2004 డిసెంబరు పేటెంట్ల ఆర్డినెన్సులో, పరిశ్రమలో సాంకేతికంగా ఉపయోగపడే ప్రోగ్రాములకీ హార్డ్‌వేర్‌తో కలిసిన వాటికీ పేటెంటు ఇవ్వొచ్చన్నట్టు ఒక తోక తగిలించారు. అప్పుడు యూపీయే ప్రభుత్వం వామపక్షాల మద్దతు మీద నిలబడి ఉంది. 2005 మార్చిలో చట్టం చేసేనాటికి ఆ తోక కత్తిరించారు. అదే ఏడాది జూలై 6న యూరప్ పార్లమెంటు సాఫ్ట్‌వేర్ పేటెంట్ల ముసాయిదాని 648-14 ఓట్లతో తిప్పికొట్టింది. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి చట్టం వల్ల నిజంగా ప్రాణం మీదకొచ్చిన సందర్భం ఏదంటే నేను పీజీపీని కాదు, వీటినే చెప్తాను. పేపర్లలో మూలన పడ్డ వార్తలివి.

ఇక మూడో రకం, నా వృత్తికి బాగా దగ్గరది. రాసినవాడు దొరకడు, పంచినవాడు దొరకడు, అప్పుడు వాడుకున్నవాడిని పట్టుకోవడం. రివర్స్ ఛార్జ్.

ఫ్రాన్సులో కొట్టువాళ్లు అమ్మకాలు చెరిపేసి వ్యాట్ ఎగ్గొడుతున్నారని 2018 జనవరి 1 నుంచి ఒక నిబంధన పెట్టారు. బిల్లింగు మెషిన్లో వాడే సాఫ్ట్‌వేర్, నమోదైన అమ్మకాన్ని మార్చడానికి వీల్లేనిదై ఉండాలి. అలా ఉందని గుర్తింపు పొందిన సంస్థ సర్టిఫికెట్ గానీ, తయారుచేసినవాడి ధ్రువపత్రం గానీ కొట్టులో ఉండాలి. లేకపోతే కొట్టువాడికి 7,500 యూరోల జరిమానా. ఎగవేత ఆపాలనుకోవడంలో తప్పు పట్టను. బిల్లు డిలీట్ చెయ్యడం ఎంత సుళువో మా భీమవరంలో నాకు తెలుసు, పారిస్ దాకా పోనక్కర్లేదు. కానీ సోర్సు కోడు చేతిలో ఉన్న ప్రోగ్రాం మార్చడానికి వీల్లేనిది ఎలా అవుతుంది? మార్చుకోవడానికేగా అది ఉన్నది! ధ్రువపత్రం ఎవరు ఇస్తారు? ఏప్రిల్ అనే పేరున్న అక్కడి ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంఘం పన్నుల శాఖతో కూర్చుని ఓపిగ్గా మాట్లాడింది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చు, కీలక భాగాలు మార్చినవాడే ఇకపై తయారీదారు, వాడే ధ్రువపత్రం ఇచ్చుకోవాలి అని వివరణ వచ్చింది. గండం గడిచిందనుకున్నారు. 2025 బడ్జెట్ చట్టంలో ఆ సొంత ధ్రువపత్రం వెసులుబాటే తీసేసి, బయటి సంస్థ సర్టిఫికెట్ తప్పదన్నారు. దానికి అయ్యే ఖర్చు పెద్ద కంపెనీకి చిల్లర, ఊరికే పంచిపెట్టే నలుగురు వలంటీర్లకి ఇంటికి తాళం. ఆ చట్టం రాసినవాళ్లెవరికీ ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద కక్ష లేదు. వాళ్ల కన్ను దొంగ బిల్లుల మీద ఉంది. నాకు భయం వేసేది కూడా అందుకే. కక్షతో చేసినదానికి కోర్టులో సమాధానం చెప్పొచ్చు, పొరపాటున కాలు వేసి తొక్కినదానికి ఎవరితో పోట్లాడతాం?

యూరప్ సైబర్ రెజిలియెన్స్ చట్టం ముసాయిదా 2022లో వచ్చినప్పుడూ ఇదే గొడవ. భద్రతాలోపానికి బాధ్యుడు ఎవరో తేల్చబోయి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషని ఊరికే ఇచ్చే పైథాన్ ఫౌండేషన్ లాంటి వాళ్ల మీదకి కూడా తెచ్చారు. వాళ్లు గట్టిగా అరిచారు, డెబియన్ వాళ్లు ఓటింగు పెట్టుకుని మరీ ప్రకటన చేశారు. 2024లో చట్టమయ్యేనాటికి వ్యాపారం కాని ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి మినహాయింపు, ఫౌండేషన్లకి తేలికపాటి బాధ్యతలు వచ్చాయి. అరిచినందుకు వచ్చింది.

మన దగ్గర ఇలాంటిదే కంపెనీల చట్టం కింద ఉన్న ఆడిట్ ట్రయిల్ రూలు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఏ కంపెనీ అయినా లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదవ్వాలి, ఆ నమోదుని ఆపడానికి వీల్లేకుండా ఉండాలి. 2021లోనే రావాల్సింది, రెండుసార్లు వాయిదా పడింది. బాధ్యత ఎవరిది? సాఫ్ట్‌వేర్ చేసినవాడిది కాదు, వాడే కంపెనీది. అది సరిగ్గా ఉందో లేదో ఆడిటర్ తన రిపోర్టులో రాయాలి. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆపడానికి వీల్లేనిది అనేది కొన్న సాఫ్ట్‌వేర్‌లోనూ పూర్తిగా నిజం కాదు. డేటాబేసు పాస్‌వర్డు ఉన్నవాడు వెనక నుంచి వెళ్లి ఏ అంకె అయినా మార్చగలడు. లక్షలు పోసి పెద్ద పెద్ద విదేశీ ప్యాకేజీలు కొన్న కంపెనీల ఆడిట్ రిపోర్టులు చూడండి, డేటాబేసు స్థాయిలో ఆడిట్ ట్రయిల్ లేదని రిమార్కులు కనపడతాయి. తేడా ఏమిటంటే, వాళ్ల దగ్గర తయారీదారు లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఉంటుంది. ఆడిటర్లకి ఉత్తరమంటే ప్రాణం.

అన్నట్టు, విండోస్ మెషిన్ సంగతి చెప్తానన్నాను. కంపెనీల రిటర్నులకి డైరెక్టరు డిజిటల్ సంతకం కావాలి. ఆ సంతకం పెన్‌డ్రైవు లాంటి చిన్న టోకెన్లో ఉంటుంది. నా డ్రాయరులో అలాంటివి ఓ గుప్పెడు. ఏది ఎవరిదో తెలియడానికి తెల్ల టేపు అతికించి, పేరులో మొదటి అక్షరం రాసుకున్నాం. టోకెన్ గుచ్చితే ఎర్ర దీపం మిణుకుమంటుంది. తర్వాత సంతకం చేయించే చిన్న ప్రోగ్రాం తెరవాలి. అది తోచినప్పుడు టోకెన్‌ని చూస్తుంది, తోచనప్పుడు చూడదు. పీకి మళ్లీ గుచ్చాలి. బ్రౌజర్ మూసి మళ్లీ తెరవాలి. మేం వాడాల్సిన ఒక పోర్టల్ వాళ్లు ఆ ప్రోగ్రాం విండోస్‌కే పనికొచ్చేలా ఇచ్చారు. అందుకని ఏ కంప్యూటర్ మీద పనిచేసినా చివర్లో అందరం లేచి ఆ మూల మెషిన్ దగ్గర లైను కట్టాలి. ఇరవయ్యో తారీఖున ఆ మూల చూడాలి, రేషన్ షాపే. లైనక్స్ వాడకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. కానీ పక్క ఆఫీసు ఆయన మా వరస చూసి, "ఎందుకొచ్చిన గొడవ చెల్లెమ్మా" అని అన్నీ విండోసే పెట్టించుకున్నాడు.

దీనికి మందు కూడా ఈ పనిలోనే కనిపించింది. జీఎస్‌టీఆర్-1 వివరాలు ఎక్కించే, జేసన్ అనే పద్ధతిలో రాసిన ఫైలు ఎలా ఉండాలో అందరికీ తెలిసేలా పెట్టారు. ఆ పద్ధతిలో ఉంటే చాలు, ఏ ప్రోగ్రాంతో తయారుచేశావని పోర్టల్ అడగదు. మా మేనల్లుడు పైథాన్‌లో రాసిచ్చిన చిన్న ప్రోగ్రాం మేత డీలర్ల బిల్లుల్ని ఆ ఫైలుగా మారుస్తుంది. ఎక్సెల్ లాంటి పని చేసే లైబ్రేఆఫీసులో షీటు, దాన్నుంచి ఫైలు, ఫైలు పోర్టల్‌లోకి. ఏం కావాలో ప్రభుత్వం చెప్పి, ఎలా చేస్తావో నీ ఇష్టం అన్నచోట ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి ఢోకా లేదు. ఫలానా దాంతోనే చెయ్యి అన్నచోట, నిషేధించకపోయినా బతకదు. నేను కొత్త రూలు ఏది వచ్చినా ముందు ఈ ఒక్కటీ వెతుకుతాను.

క్లయింట్లలో ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఈఆర్‌పీనెక్స్ట్ మీద లెక్కలు రాస్తుంది. ముంబైలోని ఫ్రాపే వాళ్లు చేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్. కంపెనీ సొంత సర్వర్ మీదే పెట్టుకున్నారు. ఆడిటర్ గారు కుర్రవాడు, జాగ్రత్త మనిషి. ఆడిట్ ట్రయిల్ ఆపడానికి వీల్లేదని తయారీదారు ఉత్తరం అడిగారు. "ఉత్తరం దేనికండీ, కోడే ఉంది, చదువుకోండి" అన్నాను. ఆయన నవ్వలేదు. చివరికి ఇలా సర్దుబాటు చేశాం. సర్వర్ పాస్‌వర్డు లెక్కలు రాసేవాళ్ల దగ్గర, డైరెక్టర్ల దగ్గర ఉండకూడదు. బయటి మనిషి దగ్గర ఉండాలి. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో ఆ నమోదులు (లాగులు) రోజూ వేరే మెషిన్‌కి వెళ్లాలి. కోడులో ఏ మార్పు చేసినా బోర్డు మినిట్స్‌లో రాయాలి. కొన్న ప్యాకేజీ వాడే కంపెనీల్లో కూడా ఇంత కట్టుదిట్టం నేను చూడలేదు. ఆడిటర్ గారు రిమార్కు లేకుండా సంతకం పెట్టారు గానీ, వచ్చే ఏడాదికి డేటాబేసులో జరిగే మార్పుల లాగు కూడా కావాలన్నారు. ఆ పని మా మేనల్లుడికే అప్పజెప్పాను. సాఫ్ట్‌వేర్‌కి ఏమీ తీసుకోడు, కూలీ మాత్రం తీసుకుంటాడు. కొటేషన్ నిన్ననే పంపాడు, కింద 18 శాతం జీఎస్టీ అదనం అని రాసి మరీ.